మూడో తొక్కుడు

బోర్డు 402

గేటు దగ్గరి బోర్డు మీద పొద్దున 402 పడింది. ఎండకు అడ్డంగా కడుతున్న ఈ నీడగోడ పని ప్రమాదం లేకుండా నడిచిన రోజులవి. నేను తేదీలు వేయను. ఇక్కడ అందరూ రోజును ఆ అంకెతోనే చెప్పుకుంటారు.

తెలతెలవారుతుండగా నడికట్టులు పంచాను. ముప్పై ఎనిమిది మంది. తొమ్మిదిన్నర దాటితే ఎండకు గోడ మీద చెయ్యి పెట్టలేం కాబట్టి తొందర. నడికట్టు బిగించుకున్న మనిషి గుండె, చెమట, అడుగు తడబాటు చూసి అది ఒక అంకె చెబుతుంది. ఆ మనిషి ఇవాళ పైనుంచి పడే అవకాశం పదివేలలో ఎన్ని పాళ్లో ఆ అంకె. నలభై దాటితే కూత పెడుతుంది. కూత పెడితే దిగాలి. ఆ రోజుకు పని లేదు. మూడుసార్లు దిగినవాళ్లను ఊరికి పంపి వేరేవాళ్లను తెస్తారు.

ఈ అంకెలు వేసే యంత్రానికి కంపెనీ పెట్టిన పేరేదో ఉంది. మావాళ్లు పంతులు అంటారు. రోజూ మార్కులు వేస్తుంది కాబట్టి.

నేను రక్షణ రికార్డు రాస్తాను. పంతులు ఉండగా మనిషి రాత ఎందుకంటే, కాగితం మీద ఒక మనిషి సంతకం ఉండాలని చట్టంలో ఉందట. ఇంతకుముందు వేరేచోట పరంజా కట్టేవాణ్ని. కుడిచేతికి రెండు వేళ్లు పోయాక కట్టు బిగియడం మానేసింది. పదో తరగతి పాసయ్యాను కాబట్టి కలం ఇచ్చారు.

అందరికన్నా చివర మా అక్క జములమ్మ వచ్చింది. నడికట్టు నా చేతిలోంచి తీసుకోలేదు. బల్ల మీద పెట్టమని వేలు చూపించింది. పెట్టాను. తీసుకుని వెళ్లిపోయింది. తొమ్మిది నెలలుగా ఇంతే.

బోర్డు 403

ఇద్దరికి కూత పడింది. ఇద్దరూ పడమటి వైపు ముప్పై ఒకటో వరుసలో, మూడో అరలో ఉన్నారు. పరంజాలో రెండు నిలువు గొట్టాల మధ్య జాగాను మేం అర అంటాం. దిగి వచ్చి ఇద్దరూ నా బల్ల ముందు నిలబడ్డారు. పేర్లు రాసుకున్నాను. అందులో ఒకడికి ఇది మూడోసారి.

మేస్త్రీ కుర్మయ్య వాళ్ల వెనకే దిగాడు. ఆయన మా అక్క భర్త.

"ఏం రాతగాడా, ఇయ్యాల ఎవల పొట్ట గొట్టినవ్?"

"కూత పెట్టింది నడికట్టు బావా."

"నడికట్టుకు చేతులున్నయా రాయనీకె?"

నా చెప్పు పక్కన ఉమ్మేసి వెళ్లాడు. గురి బాగానే ఉంది. కావాలనుకుంటే చెప్పు మీదే పడేది.

వాళ్ల కోపానికి కారణం ఉంది. అది కూడా ఇక్కడ రాయాలి.

మా ఊళ్ల పరంజా జట్లలో ఒక పద్ధతి ఉండేది. పలకలు కట్టినవాళ్లే ముందు వాటిని తొక్కాలి. నడుముకు తాడు కట్టుకుంటారు. ఆ తాడు రెండో కొస సొంతవాళ్లు పట్టుకుంటారు, బయటివాళ్లు కాదు. ఒకసారి గట్టిగా తొక్కి పలకలను చూస్తారు. రెండోసారి తొక్కి, పరంజాను గోడకు పట్టి ఉంచే కొక్కేల దగ్గర చెవి పెడతారు. రెండూ సరిగ్గా ఉంటేనే మూడోది. మూడో తొక్కుడు వినబడితేనే మిగతావాళ్లు ఎక్కుతారు. రెండోదాని తర్వాత అనుమానం వస్తే మూడోది ఉండదు. అందరూ దిగుతారు. కారణం అడిగేవాళ్లు ఉండరు.

కలం పట్టిన మొదటి వారంలో నాకొక పట్టిక ఇచ్చారు. అందులో "పరంజాపై గెంతినవారు" అని ఒక గడి ఉంది. పైన మా అక్క తొక్కుతోంది. నేను చూశాను. జములమ్మ, మూడుసార్లు, అని రాశాను. పంతులు ఆమెకు అరవై ఒకటి వేసింది. ఆ వారంలోనే ఇంకో ఇద్దరు తొక్కి, కూత పడి దిగిపోయారు. తర్వాత ఎవరూ తొక్కలేదు.

చూసిందే రాశాను. ఆ మాట అప్పుడు చాలాసార్లు అనుకున్నాను.

బోర్డు 405

పని అయ్యాక నీళ్ల వంతు తీసుకుని షెడ్డులో కూర్చుని ఒక పట్టిక గీశాను. ఎవరూ అడగలేదు.

పంతులు పట్టికలన్నీ మనుషుల పేర్లతో ఉంటాయి. ఎవరికి ఎన్ని కూతలు, ఎవరి గుండె ఎలాంటిది. నేను అవే అంకెలను జాగాల వారీగా రాశాను. గడిచిన ఇరవై రెండు రోజుల్లో పంతొమ్మిది కూతలు. అందులో పద్నాలుగు ముప్పై ఒకటో వరుస మూడో అరలోనే. పొడుగువాళ్లు, పొట్టివాళ్లు, నిన్న వచ్చినవాళ్లు, పదేళ్లుగా చేస్తున్నవాళ్లు. ఇంకో అరలో పెడితే అదే మనిషికి పదిహేను. అక్కడ పెడితే నలభై అయిదు.

పాత రికార్డు తిరగేశాను. బోర్డు 377 నాడు వడగాలికి నీడగుడ్డ చిరిగింది. అప్పుడే పోసిన మూడో అర గోడ అయిదు గంటలు ఎండలో నిలబడింది. ఆ రోజు ఎండ యాభై రెండు డిగ్రీలు. "ఇతరములు" అన్న గడిలో నేనే రాశాను. ఎవరూ చదవలేదు. నేనూ మళ్లీ చదవలేదు.

పచ్చి కాంక్రీటు అంత వేడికి ఎండితే పైన గట్టిగానే కనబడుతుంది. లోపల రవ్వ రవ్వగా అవుతుంది. కొక్కేలు దిగ్గొట్టింది దాంట్లోనే.

బోర్డు 412 నాడు ఆ పైవరుస పోత. ఏడుగురు మనుషులు, పచ్చి కాంక్రీటు, గొట్టం, అంత బరువూ మూడో అర మీదే పడుతుంది. పోతలో ముందు నిలబడేది మా అక్క.

బోర్డు 407

పర్యవేక్షకుడు విహారి సారు గదికి వెళ్లాను. అక్కడ చల్లగా ఉంటుంది. చెప్పులు బయట విడిచి పట్టిక బల్ల మీద పెట్టాను. ఆయన పెన్సిలుతో ఒక్కో అంకె దగ్గర చుక్క పెట్టుకుంటూ చదివాడు. మనిషి తెలివితక్కువవాడు కాదు.

"ఈ పట్టిక గీయమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్."

"మనుషుల లెక్కని జాగాల లెక్క చేశావు. జాగాలకి భయం ఉండదు కదా బీచుపల్లీ."

"మనుషులకు ఉంటుంది కద సార్. అందరికీ అక్కడే ఉంటోంది."

పెన్సిలు కింద పెట్టాడు.

"పోత ఆపాలంటే పైవాళ్లకి అంకె చూపించాలి. నీ మాట చూపించలేను. సరే, మూడు రోజులు చూస్తా. మూడో అరలో ఇలాగే వస్తే కొక్కేలు లాగించి పరీక్ష చేయిస్తా. రాకపోతే ఈ కాగితం నువ్వే చింపెయ్యాలి."

ఒప్పుకున్నాను. బయటికొస్తుంటే మెట్ల దగ్గర నీళ్ల డ్రమ్ము పక్కన మావాళ్లు ఇద్దరు ఉన్నారు. తల తిప్పుకున్నారు. నేనూ ఏమీ చెప్పలేదు. చెప్పడం నాకు అలవాటు లేదు.

బోర్డు 409

మూడో అరలో నిన్న తొమ్మిది, ఏడు, పదకొండు. ఇవాళ ఎనిమిది, ఆరు, తొమ్మిది. గేటు దగ్గర పంతులు లెక్కలు చూపించే తెరమీద ఆ అర ఆకుపచ్చగా మారింది. మొత్తం గోడలో అంత మంచి అంకెలు ఇంకెక్కడా లేవు.

నాకు అర్థం కాలేదు. నడికట్టులు వెనక్కి తీసుకుంటుంటే అర్థమైంది. లోపలి వైపు తడిగా ఉన్నాయి. చెమట తడి జిడ్డుగా ఉంటుంది. ఇది నీళ్ల తడి. ఒకదానికి గోనె పీచు అంటుకుని ఉంది. తాగడానికి ఇచ్చే నీళ్ల వంతులో గోనె ముక్క తడిపి ఒంటికీ నడికట్టుకీ మధ్య పెట్టుకుంటున్నారు. గుండె చప్పుడు దానికి అందడం లేదు.

వంట పొయ్యిల దగ్గరికి వెళ్లాను. కుర్మయ్య రొట్టె తింటున్నాడు. మా అక్క పెనం మీద ఇంకోటి వేసింది. నన్ను చూసి మంట తగ్గించింది. అంతే.

"బావా, గోనె ముక్కలు తీయించు. రేపొక్కరోజన్న అంకెలు ఉన్నదున్నట్టు రావాలె."

"ఎందుకు? మమ్ముల అందర్ని బస్సెక్కియ్యనీకెనా? సారు దగ్గరికి కాయితం వట్టుకొని వోయినవంట. మూడో అరల జేసేటోళ్ళు పనికిరారని రాసిచ్చినవంట."

"మనుషులు పనికిరారని రాయలే. కొక్కాలు ఆగవని రాసిన. ఆ గోడ ఎండకు ఉడికింది."

రొట్టె నమలడం ఆపాడు.

"మాకు తెల్వదా? కాలు వెట్టంగనే తెలుస్తది. తెలిసిందని గుండె కొట్టుకుంటే అది కూత వెడ్తది, కూత వెడ్తే నువ్వు రాస్తవ్, రాస్తే ఇంటికి వంపుతరు. గోనె వెట్టుకోక ఏం వెట్టుకోవాలె, పట్టుబట్టనా?"

పొయ్యిల దగ్గరున్నవాళ్లు నవ్వారు.

"ఆ కాయితం సంగతి మాకెందుకు జెప్పలే?" అన్నాడు. ఈసారి వెటకారం లేదు. "పైన నిలవడేది మేము. సల్లటి రూముల కూసున్నాయనకు ముందుగాల జెప్తివి."

 మా అక్క రొట్టె తిప్పింది. నాకు పెట్టలేదు.

బోర్డు 410

మూడో రోజు. మూడో అరలో ఏడు, అయిదు, ఆరు.

విహారి సారు పిలిపించి పట్టిక నా ముందుకు తోశాడు. చింపాను. నాలుగు ముక్కలు చేశాను. గోనె సంగతి చెబితే ఏడుగురినీ ఆ సాయంత్రమే పంపేస్తారు, ఎల్లుండి పోతకు ఏడుగురు కొత్తవాళ్లు వస్తారు. కొక్కేలు మాత్రం అవే ఉంటాయి. చెప్పలేదు.

బోర్డు 411

పోత ముందు ధ్రువపత్రం మీద నా సంతకం కావాలి. "పరంజా పరిశీలించితిని, తృప్తికరముగా ఉన్నది." నేను పెట్టనన్నాను.

"నువ్వు కాకపోతే నేను పెడతా. దీనికంత సీన్ ఎందుకు?" అన్నాడు విహారి సారు.

"పెట్టండి సార్. పెట్టేముందు ఒక్కసారి మూడో అర మీద నిలబడి చూడండి. మా జట్లలో కట్టినవాళ్లు నిలబడేవాళ్లు. ఇప్పుడు పూచీ మీది కాబట్టి మీరు."

పదిమంది వింటున్నారు. లేదనలేకపోయాడు. నడికట్టు బిగించుకుని మాతోపాటు లిఫ్టులో పైకొచ్చాడు. రెండో అర దాకా మామూలుగానే నడిచాడు. మూడో అర పలక మీద కుడికాలు పెట్టాడు. ఎడమకాలు రాలేదు. నడికట్టు కూత పెట్టింది. ఎనభై ఎనిమిది.

"దిగాలె సారూ," అన్నాడు కుర్మయ్య చేతులు కట్టుకుని. "ఇయ్యాలటికి పని లేదు. నీళ్ళు దాగి పండుకో."

ఆ వరుసలో నవ్వు విని నెలలైంది. విహారి సారు ముఖం ఎర్రబడింది.

కిందికొచ్చి తెర చూశాం. పంతులు రాసింది ఇది: విహారి, పర్యవేక్షకుడు. ఎత్తులో పనికి తగడు. మూడో అర ఇంకా ఆకుపచ్చగానే ఉంది.

నేను ఆయన వంక చూశాను. ఇప్పుడైనా అర్థమవుతుందనుకున్నాను. ఆయనకు అర్థమైంది కూడా. కానీ అంతమంది ముందు నవ్వులపాలయ్యాడు.

"నాకు ఎత్తు పడదు. అదే రాసింది," అన్నాడు. "గోడ గురించి అదేమీ అనలేదు. రేపు పొద్దెక్కకముందే పోత." సంతకం నిలబడే పెట్టేశాడు.

బోర్డు 412

నడికట్టులు పంచాను. నాకొకటి ఉంది, పెట్టుకోలేదు. సామాన్ల షెడ్డులోంచి పాత తాడు తీశాను. మెట్ల దారినే ఎక్కాను. ముప్పై ఒక్క వరుసలు ఎక్కడానికి మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. అలవాటు తప్పింది.

ఏడుగురూ రెండో అరలో నిలబడి ఉన్నారు. కాంక్రీటు గొట్టం మూతి వాళ్ల పక్కన వేలాడుతోంది. విహారి సారు లిఫ్టు కటకటాల లోపలే ఉన్నాడు.

తాడు ఒక కొస నా నడుముకు కట్టుకున్నాను. వేళ్లు లేని చేత్తో ముడి సరిగా పడలేదు, పళ్లతో లాగాను. రెండో కొస మా అక్క చేతికివ్వలేదు. ఆమె ముందు పలక మీద పెట్టాను, బల్ల మీద నడికట్టు పెట్టినట్టే.

అక్క దాన్ని చూసింది. వంగి తీసుకుంది. నిలువు గొట్టానికి రెండు చుట్లు తిప్పి, తన నడుము చుట్టూ ఒకటి వేసుకుంది. నా దగ్గరికొచ్చి నేను వేసిన ముడి విప్పి మళ్లీ వేసింది. 

"ఏం చేస్తున్నాడు వాడు?" విహారి సారు గొంతు. "నడికట్టు ఏదీ?"

"తాడు వట్టిన్రు సారూ, మాట్లాడొద్దు," అన్నాడు కుర్మయ్య.

మూడో అర మీదికి వెళ్లి మొదటిది తొక్కాను. పలకలు బాగున్నాయి. కట్టు మా అక్కది.

రెండోది తొక్కి కొక్కెం దగ్గర చెవి పెట్టాను. గోడలోపల ఇసుక జారుతున్నట్టు చప్పుడు. చేటలో రవ్వ చెరిగితే వచ్చే చప్పుడు. ఆగకుండా వస్తోంది.

"ఇనవడ్డది," అన్నాడు కుర్మయ్య. ఆయనకూ అందింది. "చాలు. రా ఇటు."

పద్ధతి ప్రకారం అక్కడితో అయిపోయింది. లేచి నిలబడ్డాను. ఏడుగురూ అప్పటికే వెనక్కి తిరిగారు.

"ఏమైంది? ఏమీ కాలేదు కదా!" విహారి సారు కటకటాలు పట్టుకుని అరిచాడు. "గెంతాడు, నిలబడే ఉంది. ఎక్కండి. దిగినవాళ్లు దిగినట్టే గేటు దాటాలి. కింద ఇంకో జట్టు సిద్ధంగా ఉంది."

నిజమే. కింద కంచె బయట లారీ దగ్గర కొత్త జట్టు కనబడుతోంది. మా ఊళ్లవాళ్లు కాదు. వాళ్లకు ఈ తొక్కుడు సంగతి తెలియదు.

మూడోది తొక్కాను.

రెండు కొక్కేలు ఒకేసారి ఊడాయి. గోడ ముక్క కూడా వాటితో వచ్చింది. పలకలు నా కింద లేవు. తాడు కడుపులో బిగిసి ఊపిరి ఆగింది. గోడకు కొట్టుకున్నాను, తిరిగాను, మళ్లీ కొట్టుకున్నాను. కింద కంచె లోపల పలకలు పడిన చప్పుడు చాలాసేపటికి వచ్చింది.

ఎవరో లాగుతున్నారు. చాలామంది లాగుతున్నారు. రెండో అర అంచు మీద నా గడ్డం తగిలింది. మా అక్క అరచేతులు తాడుకు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. నా చొక్కా పట్టుకుని పైకి గుంజి చెంప మీద ఒకటి కొట్టింది.

"రెండోదానికే తెలిసె గద. మూడోది ఎవరికోసం కొట్టినవ్‌రా?"

"సారు కోసం."

తొమ్మిది నెలల తర్వాత మా మధ్య నడిచిన మాటలు ఇవి. ఆమె తాడు చుట్ట చుట్టుకుంటూ, "ఇది గూడ రాస్తవా?" అంది.

లిఫ్టు కిందికి వెళ్లిపోయింది.

బోర్డు 413

బోర్డు సున్నాకు రాలేదు. నిన్నటి మీద ఒకటి పెరిగింది, అంతే.

నేను నడికట్టు పెట్టుకోలేదు కాబట్టి పంతులు లెక్కలో ఎవరూ పడలేదు. "సామగ్రి నష్టం: పలకలు పద్నాలుగు." నా పేరు వేరే కాగితంలో ఉంది. నడికట్టు లేకుండా పైకెక్కుట, పరంజాపై గెంతుట. పనిలోంచి తీసేశారు. కంపెనీ రికార్డు పుస్తకం అప్పగించాను. ఇది నా సొంత పుస్తకం.

పడమటి పోత ఆపారు. గోడకు అంత కన్నం పడ్డాక ఆపక తప్పదు. జట్టును తూర్పు వైపు పంపారు. గోనె ముక్కలు పెట్టుకోలేదని నీళ్లు పోసే ఆమె చెప్పింది.

గేటు బయట పెట్టె పెట్టుకుని బస్సు కోసం నిలబడ్డాను. పక్కటెముకలు నొప్పిగా ఉన్నాయి. కుర్మయ్య గేటు దాకా వచ్చాడు. పొగాకు చేతిలో నలుపుకున్నాడు, నాకు పెట్టలేదు.

"తొమ్మిది నెలలు మా తొక్కుడు మాన్పిస్తివి," అన్నాడు. "నిన్న నువ్వొక్కనివి తొక్కినవని లెక్క సరిగాదు."

"సరిగాదు."

"ఊకె జెప్తున్న." వెళ్లిపోయాడు.

కాసేపటికి తూర్పు వైపు నుంచి చప్పుడు వచ్చింది. ఒక తొక్కుడు. ఆగి, ఇంకోటి. ఆగి, మూడోది. మొదటి అర. వెంటనే నడికట్టు కూత వినబడింది. దిగమన్న హెచ్చరిక గేటు తెరమీద మొదలైంది. ఎవరూ దిగలేదు. రెండో అర, మూడు తొక్కుళ్లు. ఈసారి రెండు కూతలు. మూడో అర దగ్గరికి వచ్చేసరికి ఏడు నడికట్టులూ ఒకేసారి అరుస్తున్నాయి. గేటు కాపలావాడు చెవులు మూసుకున్నాడు. విహారి సారు గదిలోంచి బయటికొచ్చి ఎండలో నిలబడి పైకి చూస్తున్నాడు. ఏడుగురినీ దింపితే ఇవాళ పని లేదు. నిన్నటి కొత్త జట్టు ఆ పలకలు పడటం చూసి లారీలోనే తిరిగిపోయింది.

బస్సు వచ్చింది. ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగాను. డ్రైవరు తిట్టాడు.

నాలుగో అర. ఒకటి.

రెండు.

కూతల మధ్య మూడోదాని కోసం విన్నాను. రాలేదు. తర్వాత మా అక్క గొంతు, పెద్దగా: "దిగుండ్రి."

ఏడుగురూ వరుసగా దిగుతున్నారు. వాళ్లను ఎందుకని అడిగేవాళ్లు లేరు. విహారి సారు కూడా అడగలేదు.

బస్సులో కూర్చుని రాశాను. తూర్పు వైపు, నాలుగో అర. రెండు.